ఈగ గడియారానికి మన ఊరి టైం కావాలి

పేపర్లో జిల్లా పేజీ తిరగేసే అలవాటుంటే ఈ వార్త మీరు చాలాసార్లు చూసే ఉంటారు. కాలువలో గుర్తు తెలియని మృతదేహం. మొత్తం నాలుగైదు లైన్లు. వయసు సుమారు ఇంత, ఒంటి మీద ఫలానా రంగు చొక్కా, చనిపోయి రెండు మూడు రోజులై ఉండొచ్చు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. మన విజయవాడలో బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి, పక్కన కృష్ణ ఉంది, కింద డెల్టా అంతా కాలువలే. ఇలాంటి వార్త మనకి కొత్త కాదు. చదివి పేజీ తిప్పేస్తాం.

ఆ నాలుగు లైన్లలో నాకు అర్థం కాని ముక్క ఒకటుంది. "రెండు మూడు రోజులై ఉండొచ్చు." రెండా, మూడా? ఎవరు లెక్కపెట్టారు, దేన్ని చూసి?

దీని గురించి వెతుకుతూ పోతే ఈగల దగ్గర తేలాను. చనిపోయి ఎంతసేపైందో చెప్పడానికి పురుగుల్ని వాడే శాస్త్రం ఒకటుంది, దాన్ని ఫోరెన్సిక్ ఎంటమాలజీ అంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ శాస్త్రం కృష్ణా డెల్టాకి చాలా అవసరం. కానీ వేరే దేశం వాళ్ల పట్టికలు తెచ్చి ఇక్కడ వాడితే అది సాయం చేయకపోగా తప్పు మనిషిని జైలుకి పంపొచ్చు. మన ఈగలకి, మన ఎండకి సరిపడే లెక్క మనమే తయారు చేసుకోవాలి. ఆ పనిలో మనలాంటి ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కి కూడా వాటా ఉంది.

టైం తెలిస్తే ఏమొస్తుంది?

"దృశ్యం" చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. వెంకటేష్ సినిమా అంతా చేసేది ఒకటే పని, ఒక తేదీని జరపడం. ఆ రోజు మేము ఊళ్లో లేము అని అందరి చేతా నమ్మించడం. ఎలిబీ మొత్తం ఆ తేదీ మీదే నిలబడుతుంది. నిజం కేసుల్లో కూడా అంతే. చనిపోయిన టైం ఒక పన్నెండు గంటలు అటూ ఇటూ అయితే నేరస్థుడు బయటపడొచ్చు, సంబంధం లేనివాడు ఇరుక్కోవచ్చు.

"ఇప్పుడు సీసీ కెమెరాలున్నాయి, సెల్ టవర్ లొకేషన్ ఉంది, పురుగులెందుకు బ్రో" అని మా హాస్టల్లో ఒకడు అన్నాడు. మంచి ప్రశ్నే. కానీ గుర్తు తెలియని శవం జేబులో ఫోన్ ఉండదు. ఉంటే గుర్తు తెలియకుండా ఎందుకుంటుంది? ఇక సీసీ ఫుటేజ్ అంటారా, ఏ రోజుది చూడాలి? ఏ గంట నుంచి? చాలా డీవీఆర్‌లలో హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిగిపోతుంది. చనిపోయిన రోజు త్వరగా తేలితేనే ఆ ఫుటేజ్ చెరిగిపోకముందే తీసుకోగలరు. మిస్సింగ్ కేసుల లిస్టులో ఎవరితో పోల్చి చూడాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నేరం లేని చావైనా సరే, ఇంట్లోవాళ్లకి ఆ రోజు కావాలి. డెత్ సర్టిఫికెట్ మీద తేదీ కావాలి, ఇన్సూరెన్స్‌కి తేదీ కావాలి. తద్దినం పెట్టుకునే ఇళ్లల్లో తిథి కావాలి. బాడీ దొరికిన రోజు వేరు, మనిషి పోయిన రోజు వేరు. పోయిన రోజు తెలియని కుటుంబం ప్రతి ఏడూ ఏ తిథికి పెట్టాలి అని వెతుక్కుంటుంది.

శవం మీద లాగ్ ఫైల్

చనిపోయిన మొదటి రోజు రెండ్రోజులు డాక్టర్లకి వేరే గుర్తులుంటాయి. ఒళ్లు చల్లబడటం, బిగుసుకుపోవడం, రక్తం కిందికి దిగి మచ్చలు పడటం. దేశమంతా ఎంబీబీఎస్ వాళ్లు ఫోరెన్సిక్ మెడిసిన్‌కి చదివే పాఠ్యపుస్తకాల్లో ఒకటి మన తెలుగాయనే, కె.ఎస్. నారాయణ రెడ్డి గారు రాసింది. అందులో ఇవన్నీ ఉంటాయి. వేడి దేశంలో ఒళ్లు బిగుసుకోవడం త్వరగా మొదలై త్వరగా పోతుంది. చల్లబడటం సంగతి ఇంకా విచిత్రం. మే నెల మధ్యాహ్నం విజయవాడలో బయట 42 డిగ్రీలుంటే 37 డిగ్రీల శరీరం ఎక్కడ చల్లబడుతుంది? బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు పెట్టలేదు. అంటే చల్లని దేశాల్లో పనికొచ్చే గుర్తు మన ఎండాకాలంలో పనికిరాదు. కాబట్టి పురుగుల గుర్తు మనకి వాళ్లకన్నా ముందే అవసరమవుతుంది.

పురుగుల సంగతి ఇలా ఉంటుంది. పచ్చగానో నీలంగానో మెరిసే ఈగలు ఉంటాయి కదా, మాంసం కొట్టు దగ్గర, చేపల మార్కెట్ దగ్గర తిరిగేవి. ఆరుబయట పగటిపూట అయితే కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపే శవాన్ని పట్టేస్తాయి. కళ్లు, ముక్కు, నోరు, గాయాలు, ఇలా తడిగా ఉన్న చోట గుడ్లు పెడతాయి. మన వేడికి ఒక రోజులోపే గుడ్లు పగిలి తెల్లటి పురుగులు బయటికొస్తాయి. అవి రెండుసార్లు కుబుసం విడిచి మూడు దశల్లో పెరుగుతాయి. మైక్రోస్కోప్ కింద ఆ పురుగు వెనక భాగం చూస్తే ఊపిరి తీసుకునే చీలికలు కనిపిస్తాయి. మొదటి దశలో ఒకటి, రెండో దశలో రెండు, మూడో దశలో మూడు. ప్రకృతి వెర్షన్ నంబర్ రాసి పెట్టినట్టుంది! తిండి అయిపోయాక పురుగు శవాన్ని వదిలి పక్కన మట్టిలోకి పోయి గోధుమరంగు గూడులా గట్టిపడుతుంది, అందులోంచి కొత్త ఈగ వస్తుంది. ఇంకా రోజులు గడిచి శవం ఎండిపోతే ఈగల వంతు పోయి పెంకు పురుగుల వంతు వస్తుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది టైమ్‌స్టాంపులున్న లాగ్ ఫైల్. ఎవరూ ఎడిట్ చేయలేదు. శవం మీద, దాని చుట్టూ మట్టిలో దొరికిన అన్నిటికన్నా ముదురు పురుగు వయసు ఎంతో తేలిస్తే, కనీసం అంత కాలం క్రితమే మనిషి చనిపోయాడని అర్థం. "కనీసం" అనే మాట మర్చిపోకూడదు. పురుగు చెప్పేది ఈగ గుడ్డు పెట్టిన టైం. ఈగ రాకముందు ఎంతసేపు గడిచిందో అది చెప్పదు. రాత్రిపూట ఈగలు మామూలుగా గుడ్లు పెట్టవు. పెద్ద వాన పడితే రావు. తలుపులు మూసిన గదిలోకి, దుప్పటి చుట్టిన శవం దగ్గరికి ఆలస్యంగా వస్తాయి. కాలువలో మునిగిన శవం మీదకి అసలు రాలేవు, అది పైకి తేలాకే వాటి గడియారం మొదలవుతుంది. మన డెల్టాకి ఈ చివరి పాయింట్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఐడియా కొత్తదేం కాదు. చైనాలో సాంగ్ సీ అనే అధికారి 1247లో రాసిన పుస్తకంలో ఒక హత్య కేసుంది. కొడవలితో చంపారని అనుమానం వచ్చి ఊళ్లోవాళ్ల కొడవళ్లన్నీ తెప్పించి వరసగా కింద పెట్టించారు. ఒక్క కొడవలి మీదే ఈగలు ముసిరాయి. కడిగినా రక్తం వాసన వాటికి తెలిసిపోయింది. దాని యజమాని నేరం ఒప్పుకున్నాడు. మనకి ఈగ అనగానే 2012లో వచ్చిన రాజమౌళి సినిమా గుర్తొస్తుంది గానీ, ఈగ కేసు తేల్చిన కథ అంతకన్నా 750 ఏళ్లకి పైగా పాతది.

గడియారం వేగం ఊరిని బట్టి మారుతుంది

ఇప్పుడు అసలు సమస్య. ఈగ పిల్లకి సొంత వేడి లేదు, బయటి వేడిని బట్టే పెరుగుతుంది. వేడి ఎక్కువైతే త్వరగా, తక్కువైతే నెమ్మదిగా. అందుకే దాని వయసుని గంటల్లో కాకుండా డిగ్రీ-గంటల్లో లెక్కేస్తారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క అర్థమవడానికి నేను వేసుకున్నవే. ఒక జాతి ఈగ 10 డిగ్రీల కన్నా తక్కువలో పెరగదు అనుకోండి, ఒక దశకి చేరడానికి 1200 డిగ్రీ-గంటలు కావాలనుకోండి. సగటు 34 డిగ్రీలున్న రోజుల్లో గంటకి 24 చొప్పున 50 గంటల్లో ఆ దశకి వస్తుంది. సగటు 25 డిగ్రీలైతే గంటకి 15 చొప్పున 80 గంటలు పడుతుంది. అదే పురుగు, అదే సైజు. కానీ జవాబులో 30 గంటల తేడా! ఒకరి ఎలిబీ నిలబడ్డానికో కూలిపోవడానికో ఆ 30 గంటలు చాలు.

పైగా ఈ గీత ఎక్కడిదాకా తిన్నగా పోతుంది? మరీ వేడెక్కితే పెరుగుదల మందగిస్తుంది, పురుగులు చచ్చిపోతాయి కూడా. చల్లని దేశాల పట్టికలు మన మే నెల దాకా రావాల్సిన అవసరమే వాళ్లకి లేదు. అక్కడి ఈగ కూడా వేరు. 1935లో బ్రిటన్‌లో బక్ రక్స్‌టన్ అనే డాక్టరు చేసిన జంట హత్యల కేసులో పురుగుల్ని చూసి సుమారు 12 నుంచి 14 రోజులని అంచనా వేశారు, అది ఈ శాస్త్రంలో పేరున్న కేసు. అక్కడ దొరికింది కాలిఫోరా విసినా, చల్లదనాన్ని ఇష్టపడే ఈగ. మన వైపు ఎక్కువగా కనిపించేది క్రైసోమియా మెగాసెఫాలా, పెద్ద ఎర్ర కళ్లు, పచ్చ-నీలం ఒళ్లు. ఒకదాని పట్టిక ఇంకోదానికి వాడితే ఆండ్రాయిడ్ ఫోన్లో ఐఫోన్ యాప్ ఇన్‌స్టాల్ చేసినట్టే.

ఈ క్రైసోమియా సంగతి మనవాళ్లకి కొత్తేం కాదు, పేరే తెలీదు. మచిలీపట్నం గిలకలదిండి వైపు చేపలు ఎండబెట్టేవాళ్లకి ఇది పాత శత్రువు. ఎండలో ఆరేసిన చేప మీద గుడ్లు పెట్టేది ఇలాంటి ఈగలే. ఉప్పు తక్కువైతే పురుగు పడుతుంది, మబ్బు పట్టి చేప సరిగ్గా ఆరకపోతే ఇంకా పడుతుంది అని ఎండుచేపలు అమ్మే ఏ పెద్దావిడనడిగినా చెప్తుంది. అంటే వాతావరణాన్ని బట్టి ఈగ నడత ఎలా మారుతుందో తెలిసిన మనుషులు మన దగ్గరే ఉన్నారు. దాన్ని రాసి పెట్టి, కొలిచి, కోర్టుకి పనికొచ్చే అంకెగా మార్చే పని మిగిలింది.

తప్పు గంట ఖరీదు

ఇదంతా థియరీ అనుకునేవాళ్లకి అమెరికాలోని లాస్ వేగాస్ కేసు ఒకటి. 2001 జులై 8 రాత్రి పది గంటల ప్రాంతంలో ఒక చెత్త తొట్టె దగ్గర ఒకాయన శవం దొరికింది, ఒంటి నిండా గాయాలు. లొబాటో అనే 18 ఏళ్ల అమ్మాయిని అరెస్ట్ చేశారు. అంటే మన వయసు. హత్య ఆ రోజు తెల్లవారుజామున జరిగిందని ప్రాసిక్యూషన్ వాదన. ఆమె ఆ రోజు పగలంతా దాదాపు 270 కిలోమీటర్ల దూరంలో సొంతూళ్లో ఉంది. అయినా శిక్ష పడింది.

ఏళ్ల తర్వాత కీటక శాస్త్రవేత్తలు కోర్టులో ఒక చిన్న పాయింట్ చెప్పారు. ఆ శవం మీద ఈగ గుడ్లు లేవు. జులై ఎండలో, బహిరంగ ప్రదేశంలో, రక్తం కారిన గాయాలున్న శవం పగలంతా పడి ఉంటే గుడ్లు లేకుండా ఉండటం కుదరదు. కాబట్టి చీకటి పడ్డాకో, ఆ కాస్త ముందో చనిపోయి ఉండాలి. ఆ టైంకి ఆ అమ్మాయి వేరే ఊళ్లో ఉంది. 2017 డిసెంబర్‌లో కోర్టు శిక్ష కొట్టేసింది, తర్వాత కేసే ఎత్తేశారు. లేని ఈగలు ఒక మనిషిని బయటికి తెచ్చాయి. కానీ ఆ వాదన కోర్టు వినేసరికి 16 ఏళ్లు పట్టింది.

రెండో వైపు కూడా చెప్పాలి. కెనడాలో 1959లో స్టీవెన్ ట్రస్కాట్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఉరిశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవంగా మార్చారు. ఆ శిక్షకి ప్రధాన ఆధారం, కడుపులో ఉన్న తిండిని చూసి ఒక డాక్టర్ చెప్పిన చావు టైం. దాదాపు యాభై ఏళ్ల తర్వాత అప్పీల్లో, అప్పటి శవం మీద దొరికిన పురుగుల వివరాలు చర్చకొచ్చాయి. రెండు వైపులా కీటక నిపుణులు నిలబడి వేరు వేరు జవాబులు చెప్పారు. చివరికి 2007లో కోర్టు ఆయన్ని నిర్దోషిగా ప్రకటించింది, దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. నేను చెప్పేదేంటంటే, "ఈగ అబద్ధం చెప్పదు" అని డైలాగ్ కొట్టడం ఈజీ. ఈగ అబద్ధం చెప్పకపోవచ్చు గానీ దాన్ని చదివే మనిషి దగ్గర సరైన డేటా లేకపోతే తప్పు చదువుతాడు.

మన ఊరి సంగతికొస్తే, 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన హత్య గురించి ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 2010లో విజయవాడ కోర్టు ఒకతనికి శిక్ష వేసింది, 2017లో హైకోర్టు అతను నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకి పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత సీబీఐ దర్యాప్తులో భాగంగా 2019లో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ కేసుకి ఈగలతో సంబంధం లేదు. కానీ మొదటి రోజు ఆధారాలు గట్టిగా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. చనిపోయిన అమ్మాయికి న్యాయం జరగలేదు, జైలుకెళ్లినవాడి ఏళ్లు తిరిగి రాలేదు.

మరి ఏం చేయాలి?

మొదటిది పోలీస్ స్టేషన్ లెవెల్లో. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం, ఏడేళ్లు అంతకు పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలంటోంది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకి కొంత గడువిచ్చారు. ఈ లోపు శవ పంచనామా చేసే ఎస్ఐ గారి జీపులో ఒక చిన్న డబ్బా పెట్టొచ్చు. నాలుగు సీసాలు, ఆల్కహాల్, ఫ్లాస్కులో వేడినీళ్లు, థర్మామీటర్, లేబుళ్లు, ఒక చెంచా. కొన్ని పురుగుల్ని వేడినీళ్లలో వేసి తర్వాత ఆల్కహాల్లో పెట్టాలి. ప్రాణంతోనే నేరుగా ఆల్కహాల్లో వేస్తే ముడుచుకుపోయి వయసు తక్కువగా కనిపిస్తాయి. కొన్నిటిని ప్రాణంతోనే ల్యాబ్‌కి పంపాలి, పెరిగి ఈగ అయితే జాతి కచ్చితంగా తెలుస్తుంది. చుట్టూ మట్టి కూడా తీయాలి. అక్కడి వేడి, టైం, నీడా ఎండా, మార్చురీలో ఫ్రీజర్లో పెట్టిన గంట అన్నీ రాయాలి. ఇదంతా ఒక్క రోజు ట్రైనింగ్‌తో వచ్చే పని. శుభ్రంగా కడిగేశాక పోస్ట్‌మార్టం టేబుల్ మీద వెతికితే ఏముంటుంది?

రెండోది పట్టిక. దీనికి కావాల్సినవాళ్లందరూ యాభై అరవై మైళ్లలోనే ఉన్నారు. బాపట్ల వ్యవసాయ కాలేజీలో, గుంటూరు పక్కన లాంలో కీటక శాస్త్రం వాళ్లున్నారు. పంట పురుగు ఎప్పుడు విజృంభిస్తుందో చెప్పడానికి వ్యవసాయ శాస్త్రం వాడేది ఈ డిగ్రీల లెక్కే. విజయవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఉంది. గన్నవరం, మచిలీపట్నంలో వాతావరణ శాఖ కొలతలున్నాయి. వీళ్లు ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి.

మూడోది మన పని. ప్రతి బ్యాచ్‌లో మినీ ప్రాజెక్ట్ అంటే ఏం చేస్తున్నాం? స్మార్ట్ డస్ట్‌బిన్, ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, మళ్లీ స్మార్ట్ డస్ట్‌బిన్. సీనియర్ల గిట్‌హబ్ నుంచి దించి పేరు మార్చేస్తున్నాం. దాని బదులు తక్కువ ధర సెన్సర్లతో కాలువ గట్టు మీద, వరి చేలో, నూజివీడు మామిడి తోటలో, రేకుల షెడ్డులో గంట గంటకీ టెంపరేచర్ రికార్డ్ చేద్దాం. గన్నవరం స్టేషన్ చూపించిన దానికీ ఆ చోట్ల నిజంగా ఉన్న దానికీ తేడా ఎంతో తేలుతుంది. అధికారిక రీడింగ్ ఒక చోటిది, శవం దొరికేది ఇంకో చోట. ఆ తేడా సరిచేయడం మనకి రోజూ నేర్పే రిగ్రెషన్ లెక్కే. కీటక శాస్త్రం వాళ్ల పర్యవేక్షణలో చేప వ్యర్థాల మీద పెరిగే ఈగల ఫోటోలు తీసి దశలవారీగా లేబుల్ చేస్తే మన ప్రాంతపు డేటాసెట్ కూడా మొదలవుతుంది. శవాలతో మనకి పనిలేదు, ఆ అనుమతులు, ఆ జాగ్రత్తలు నిపుణుల వ్యవహారం.

"ఛీ, పురుగులేంటి" అనేవాళ్లుంటారు. నాకూ మొదట్లో కడుపులో తిప్పింది. కానీ ఆ నాలుగు లైన్ల వార్తలో ఉన్న మనిషికి ఒక ఇల్లుంది, ఎక్కడో ఒక ఫోటో పట్టుకుని స్టేషన్ల చుట్టూ తిరిగే వాళ్లున్నారు. ఆయన చివరి రోజు ఏదో చెప్పగలిగే సాక్షి ఆ పురుగొక్కటే అయినప్పుడు అసహ్యపడి కడిగేయడం సరైన పని కాదని నా ఉద్దేశం.

రెండో సంవత్సరం వాళ్లెవరైనా ఈసారి మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుక్కుంటుంటే చెప్పండి. మే నెల ఎండలు రాకముందే సెన్సర్లు పెట్టాలి, ఎందుకంటే ఏ దేశం పట్టికలోనూ మనకి దొరకని నెల అదే.